సాంబయ్యకు వేసిన సాంబ్రాణి

వానాకాలంలో బేర్ సరాయ్‌లోని నా గది గోడలు చెమ్మెక్కుతాయి. పుస్తకాల అట్టలు వంగిపోతాయి. ట్రంకుపెట్టె అడుగున పెట్టిన బట్టలు ముక్కిపోయిన వాసన వేస్తాయి. ఒక ఆదివారం వాన తెరిపి ఇచ్చినప్పుడు పెట్టె మేడమీదికి తెచ్చి, ఖాళీ చేసి అన్నీ అక్కడే ఆరేద్దామని కూర్చున్నాను. అట్టడుగున నా చిన్నప్పటి దిండు దొరికింది. అమ్మ తన పాత లంగా గుడ్డతో కుట్టిన చిన్న దిండు. ఒక మూల కుట్టు విడిపోయి లోపలిది బయటికి వచ్చింది. అది దూది కాదు, ఉన్ని. బెల్లం రంగు ఉన్ని, వేళ్ల మధ్య పెడితే ఉన్నట్టే తెలియనంత మెత్తగా. ముక్కుకు ఆనించుకుని చూశాను. చెమ్మ వాసన, పెట్టె ఇనుము వాసన, అంతే. నేను వెతికిన వాసన అందులో లేదు. ఇన్నేళ్ల తర్వాత ఉండదని తెలుసు. అయినా పక్కగది అమ్మాయి మేడమీదికి వచ్చిన అలికిడయ్యేదాకా దాన్ని అలాగే మొహానికి అదుముకుని కూర్చున్నాను. అలికిడి వినగానే దిండును దుప్పటి కింద దాచేశాను. ఆ అమ్మాయి నన్ను చూసి తల ఊపింది, నేనూ ఊపాను. ఆమె వచ్చి ఆరు నెలలు దాటింది, పేరు ఇప్పటికీ నాకు తెలియదు. లైబ్రరీలో నా పని పుస్తకాలకు నంబర్లు వేసి అరల్లో సర్దడం. రోజంతా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. సాయంత్రం గదికి వచ్చి డైరీ రాసుకుంటాను. ఆ రోజు డైరీలో రాయడానికి కూర్చుంటే దిండు గురించి మొదలై, రెండు పేజీలు దాటాక కూడా వాడి పేరు దగ్గరికి రాలేకపోయాను.

నా చిన్నతనం గడిచింది లామాల మధ్య. ఈ మాట ఎవరికైనా చెబితే ముందు నవ్వుతారు, తర్వాత టిబెట్ అనుకుంటారు. అందుకే చెప్పడం మానేశాను. గుర్‌గావ్ దాటి సోహ్నా వైపు వెళ్లే దారిలో, ఇప్పుడు నేనుండే చోటికి దగ్గర్లోనే, ఆవాల చేలకీ రాళ్లగుట్టలకీ మధ్య ఒక చిన్న ఫారం ఉండేది. దాని యజమానురాలిని అందరూ బీజీ అనేవాళ్లు. వయసులో పెద్ద పంజాబీ ఆవిడ, భర్త పోయాక ఊళ్లో ఇల్లు కొడుక్కి ఇచ్చేసి ఇక్కడికి వచ్చేసింది. బడిపిల్లలు పిక్నిక్‌కు వచ్చి చూసి పోయే జంతువులు ఉండాలని ఆ కొడుకే ఎక్కడెక్కడో తిరిగి కొన్ని లామాలనీ వాటి చిన్న చెల్లెళ్లలాంటి అల్పాకాలనీ తెప్పించాడు. ఒంటె మొహం, గొర్రె ఒళ్లు, నిటారుగా నిలబడే మెడ. అవి వచ్చాక వాటిని ఎవరు చూసుకోవాలో ఎవరికీ తెలియలేదు. పొదిలి దగ్గర ఒక గొర్రెల ఫారంలో పశువుల కాంపౌండరుగా చేస్తున్న మా నాన్న సంగతి ఎవరో చెప్పారట. అలా మేము ముగ్గురం, నాన్నా అమ్మా నేనూ, దాణా గోదాం పక్కన ఉన్న రెండు గదుల ఇంట్లోకి వచ్చి పడ్డాం.

ఆ ఇల్లు ఎప్పుడూ పచ్చి బర్సీమ్ గడ్డి వాసన వేసేది. దాని మీద తవుడు వాసన, దాని మీద నాన్న చేతుల అయోడిన్ వాసన. పొద్దున్నే టీ తాగకముందే నాన్న కర్ర తీసుకుని ఆవరణ చుట్టూ తిరిగేవాడు. లామాలన్నీ ఒకే చోట పేడ వేస్తాయి, ఎవరో చెప్పి అలవాటు చేసినట్టు. నాన్న ఆ దిబ్బ దగ్గర నిలబడి, పెద్దమనుషులు పేపరు చదివినంత శ్రద్ధగా చూసేవాడు. ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరు నీళ్లు తక్కువ తాగారో అక్కడే తేలేది. అమ్మకు మాత్రం అక్కడ చేయడానికి ఏమీ ఉండేది కాదు. వంటింటి కిటికీ సరిగ్గా ఆవరణ వైపు తెరుచుకునేది. ఆమె అక్కడే నిలబడి కూర తరుగుతూ జంతువులతో మాట్లాడేది. చుట్టూ తెలుగు మాట్లాడే ప్రాణి ఇంకొకటి లేదు. బీజీతో హిందీలో సగం, చేతులతో సగం మాట్లాడేది. అమ్మ పుట్టింది మా ఊళ్లో పురుళ్లు పోసే ఇంట్లో. వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా మా అమ్మమ్మే స్నానం చేయించాలి, అమ్మ పక్కన కూర్చుని సాంబ్రాణి వేయాలి. ఇక్కడికి వచ్చాక పుట్టేవి లామాపిల్లలు మాత్రమే. వాటి దగ్గరికి నాన్న ఆమెను రానిచ్చేవాడు కాదు.

"పురిటి గదిలో మగోడికేం పని? నువ్వు బయటుండి నన్ను లోపలికి పంపాల," అని అమ్మ ఉడుక్కునేది.

"అది గదీ కాదు, ఆమె మీ వీధి కోడలూ కాదు. దూరంగా ఉండు రమణా, కిటికీలోంచి చూడు," అనేవాడు నాన్న.

లామాలు పొద్దుటి పూటే ఈనుతాయి. వాటి సొంత దేశంలో కొండల మీద రాత్రి చలి ఎక్కువట, పిల్ల సాయంత్రానికల్లా ఎండలో ఆరిపోవాలి. ఇంకో సంగతి కూడా నాన్నే చెప్పాడు. ఆవూ మేకా నాకినట్టు అవి పిల్లను నాకవు, నాలుక అంత బయటికి రాదు. తల్లి చేయగలిగిందల్లా ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూడటం, నోరు మూసుకుని గొంతులో ఊఁ అని అనడం. ప్రశ్న అడిగినట్టు ఉంటుంది ఆ శబ్దం. పిల్ల కూడా సన్నగా ఊఁ అంటుంది. ఆ తర్వాత మిగతా మంద వస్తుంది. తోసుకోకుండా, ఒకదాని వెనక ఒకటి వచ్చి, పిల్ల మొహంలో మొహం పెట్టి ఊపిరి వదిలి, దాని ఊపిరి పీల్చుకుని పక్కకి తప్పుకుంటాయి. పెళ్లిపందిట్లో పెద్దలు వచ్చి అక్షింతలు వేసి వెళ్లినట్టు ఉండేది. అదంతా అయ్యేదాకా నాన్న చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడేవాడు. చివరికి వెళ్లి, పిడి విరిగిన టీకప్పులో అయోడిన్ పోసి పిల్ల బొడ్డు అందులో ముంచేవాడు. బీజీ గేటుకి వేపకొమ్మలు కట్టించేది. వాళ్లలో కొడుకు పుడితే కట్టే ఆచారం అది. ఫారానికి ఆడపిల్లలే లాభం కాబట్టి బీజీ ఆడపిల్ల పుడితే కట్టించేది, మగది పుడితే "చలో, కోయీ బాత్ నహీ" అని, పోనీలే అన్నట్టు నిట్టూర్చి, అప్పుడూ కట్టించేది. అమ్మ శనగలు ఉడికించి తాలింపు పెట్టి అందరికీ పంచేది. ఇవి నా చిన్నతనపు పండగలు. బడిలో నన్ను లామావాలీ, లామాల పిల్ల, అనేవాళ్లు. ఆ పేరు తప్ప అక్కడ నా గురించి ఎవరికీ ఏమీ తెలియదు. నేను మాట్లాడేదాన్ని కాదు. మాట్లాడాలనుకున్నది బస్సులో మనసులో పేర్చుకునేదాన్ని, గేటు దగ్గర దిగేసరికి ఎవరికీ చెప్పకుండానే పాతబడిపోయేది.

వాడు పుట్టిన రోజు పొగమంచుకు బడి మూసేశారు. ఆ మంచు తెలియనివాళ్లకి చెప్పడం కష్టం, చెయ్యి చాపితే వేళ్లు కనిపించవు. బీజీ లుధియానాలో కూతురింటికి వెళ్లింది. నాన్న దాణా కోసం వ్యానులో గుర్‌గావ్ వెళ్లి దారిలోనే చిక్కుకుపోయాడు. బేగం అనే లామా పేడదిబ్బ దగ్గర తచ్చాడటం కిటికీలోంచి అమ్మ చూసింది. బేగం తన వేళ తప్పలేదు. రావాల్సిన ఎండే రాలేదు. మేము వెళ్లేసరికి పిల్ల నేల మీద పడి ఉంది. తడిసి ముద్దై, కాళ్లు నాలుగు దిక్కులా పెట్టుకుని, పళ్లు లేని నోరు తెరిచి వణుకుతోంది. అమ్మ నాన్నకు ఫోన్ చేసింది. కలవలేదు. మళ్లీ చేసింది.

"ఎట్టా వణుకుతున్నాడో చూడవే. పురిటిబిడ్డని ఇట్టా మంచులో పడేస్తారా యాడన్నా?" అంది. ఆ మాట నాతో అనలేదు, బేగంతో అంది.

అమ్మ తన శాలువా తీసి వాణ్ని అందులో చుట్టి వంటింట్లోకి మోసుకొచ్చింది. ఆ తర్వాత చేసిందంతా నేను దగ్గరుండి చూశాను. అమ్మను అంత హుషారుగా, అంత నిబ్బరంగా ఆ ఊళ్లో నేను అంతకుముందు చూడలేదు. గోరువెచ్చని నీళ్లు పెట్టింది. కాళ్లు చాపుకుని పీట మీద కూర్చుని, వాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, సున్నిపిండితో జిడ్డంతా పోయేలా రుద్ది నీళ్లు పోసింది. తువ్వాలుతో ఒత్తింది. అయినా ఆ ఉన్ని ఆరదు కదా. అంగీఠీ కుంపట్లో నిప్పులు వేసి, మీద సాంబ్రాణి చల్లి, గడ్డి తెచ్చే బుట్ట బోర్లించి, నాకు తలంటినప్పుడు జుట్టు ఆరబెట్టినట్టే వాణ్ని ఆ పొగ మీద అటూ ఇటూ తిప్పుతూ ఆరబెట్టింది. వాడు తుమ్మాడు. అమ్మ పకపకా నవ్వింది. వంటిల్లంతా పొగ. బయట మంచు, లోపల పొగ, మధ్యలో అమ్మ నవ్వు. వాడి నుదుట కాటుకచుక్క పెట్టింది, అరికాలికి పెట్టబోయి గిట్టలు చూసి ఆగిపోయి తనలో తాను నవ్వుకుంది. నా చిన్నప్పటి ఎర్ర స్వెట్టర్ తొడిగింది. అంతసేపూ బేగం గుమ్మం బయట నిలబడి ఊఁ ఊఁ అంటూనే ఉంది. "వస్తన్నాడు తల్లీ, వస్తన్నాడు. రాజాలాగా తయారయి వస్తన్నాడు," అని అమ్మ లోపలినుంచే జవాబు చెప్పింది.

అమ్మ వాణ్ని తీసుకెళ్లి బేగం ముందు నిలబెట్టింది. బేగం ఆత్రంగా ముందుకు వచ్చి మెడ వంచి వాడి మీద ముక్కు పెట్టింది. పెట్టి, అలాగే ఆగిపోయింది. తోక దగ్గర వాసన చూసింది. మళ్లీ మొహం దగ్గరికి వచ్చింది. చెవులు వెనక్కి వాలిపోయాయి. వాడు తడబడుతూ పాల కోసం కిందికి దూరబోతే పక్కకి జరిగింది. రెండోసారి జరగకుండా మొహం మీద ఉమ్మింది, ఆకుపచ్చగా. అమ్మ స్వెట్టర్ విప్పేసింది. అప్పుడూ అంతే. ఇక బేగం తాను ఈనిన చోటికి వెళ్లి, నేలంతా వాసన చూసుకుంటూ, ఊఁ ఊఁ అని పిలుస్తూ తన పిల్లను వెతకడం మొదలుపెట్టింది. పిల్ల దాని ఎదురుగానే నిలబడి ఉన్నాడు. మంద కూడా ఎప్పటిలా వరస కట్టి వచ్చింది. మొదట వచ్చినది వాసన చూసి బుస్సుమని వెనక్కి తిరిగింది. దాని వెనకవాళ్లు దగ్గరికి కూడా రాలేదు.

మధ్యాహ్నం దాటాక నాన్న వచ్చాడు. వ్యాను దిగగానే గాలి పీల్చి అడిగాడు.

"సాంబ్రాణి ఎవరేశారు?"

అమ్మ చేతిలోని ఎర్ర స్వెట్టర్ మడత పెట్టసాగింది. నాన్న అర్థం చేసుకున్నాడు. గొర్రెల్లో తల్లి పిల్లను కాదంటే ఈనాక పడే మాయ తెచ్చి పిల్ల ఒంటికి రుద్దుతారు. ఆ ఆశతోనే అడిగాడు.

"మాయ యాడుంది?"

"పూడ్చిపెట్టా. గళ్లుప్పు పోసి లోతుగా పూడ్చా. కుక్కలు రావా మరి?"

"అన్నీ పద్ధతిగా చేశావు," అన్నాడు నాన్న. వెక్కిరింపు కాదు. అలసిపోయిన గొంతుతో అన్నాడు.

"చలికి చచ్చిపోయేవాడయ్యా."

"పొడిగుడ్డతో తుడిచి దాని దగ్గరే వదిలేస్తే చాలు. దానికి నాలిక రాదు రమణా, దానికి ఉన్నదల్లా ముక్కే."

అమ్మ లోపలికి వెళ్లి అంగీఠీలో నీళ్లు పోసింది. చుయ్యిమని ఆరిపోయిన ఆ శబ్దం నాకు గుర్తుంది. ఆ ఇంట్లో మళ్లీ ఆమె సాంబ్రాణి వెలిగించలేదు. పండగలకీ లేదు, నా తలంట్లకీ లేదు. నా జుట్టు ఎండలోనే ఆరేది, ఎండ లేని రోజున తడిగానే జడ వేసేది.

నాన్న బేగంను కట్టేసి పిండగలిగినన్ని పాలు పిండాడు, మిగతావి మేకపాలు. సీసా పట్టే పని నాది. నాన్న వాడికి సాంబయ్య అని పేరు పెట్టాడు. అమ్మను నవ్వించాలని పెట్టిన పేరది, అమ్మ నవ్వడానికి చాలా రోజులు పట్టింది. సాంబయ్య చలికాలమంతా మా వంటింట్లోనే పెరిగాడు. వాడి ఉన్నికి ఆ వాసన అలాగే అంటుకుని ఉండిపోయింది. నేను హోంవర్కు చేస్తుంటే పక్కనే కాళ్లు మడిచి కూర్చుని నా మెడ మీద ఊపిరి వదిలేవాడు. నేను లేస్తే లేచేవాడు. మధ్యాహ్నం బస్సు హారన్ వినపడగానే గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఊఁ అనేవాడు. నేను కూడా నోరు మూసుకుని ఊఁ అనేదాన్ని. బస్సులో పేర్చుకున్న మాటలన్నీ గేటు నుంచి ఇంటిదాకా నడుస్తూ వాడికి చెప్పేదాన్ని. పిల్లలు బస్సు కిటికీల్లోంచి చూసి నవ్వినా పట్టించుకునేదాన్ని కాదు. నాకోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారని వాళ్లకి చూపించుకోవాలని కూడా ఉండేది.

చలి తగ్గి పిక్నిక్‌లు మొదలయ్యాక, ఒక రోజు సాంబయ్య ఒక చిన్నపిల్లాణ్ని ఛాతీతో గుద్ది పడేశాడు. దెబ్బ తగల్లేదు, పిల్లాడు ఏడ్చాడు అంతే. నాన్న మొహం మాత్రం మారిపోయింది. జంతువుల్ని తెచ్చినప్పుడు ఒకతను వచ్చి వాటి సంగతులన్నీ చెప్పి వెళ్లాడు. మనుషుల చేతుల్లో ఒంటరిగా పెరిగిన మగ లామా తానూ మనిషిననే అనుకుంటుందట. పెద్దయ్యాక, మగ లామాలు ఒకదానితో ఒకటి కలబడినట్టు మనుషుల మీదికి కలబడుతుందట. పెద్ద లామా మీద పడితే మనిషి లేవడు. బీజీ కొడుకు ఆ ఆదివారం వచ్చి మా వాకిట్లో నిలబడే చెప్పాడు. గుర్‌గావ్‌లో పుట్టినరోజు పార్టీలకు జంతువుల్ని అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు, పిల్లగా ఉన్నప్పుడే ఇచ్చేద్దాం, వాళ్లు టోపీ పెట్టి ఫోటోలు దింపించుకుంటారు అని.

"పెద్దయ్యాక ఏం చేస్తారు?" అని బీజీ అడిగింది.

"వో ఉన్‌కా సర్‌దర్ద్ హై," అన్నాడు కొడుకు. ఆ తలనొప్పి వాళ్లదట.

బీజీ నాన్న వైపు తిరిగి అడిగింది. "మందలో కలుస్తాడా, కాంపౌండర్‌జీ?"

"చూస్తాను, బీజీ. ఎండలు ముదిరేలోగా కలవకపోతే మీ ఇష్టం."

ఆ సాయంత్రం నాన్న నన్ను గోదాం మెట్ల మీద కూర్చోబెట్టి, తాను కింది మెట్టు మీద కూర్చున్నాడు. నాన్న నాకన్నా కిందుగా కూర్చోవడం అదే మొదలు.

"బుజ్జమ్మా, వాడికి సీసా ఇక నేనే పెడతా. కంచెలోంచి, మాట్లాడకుండా పెట్టి వచ్చేస్తా. నువ్వు వాడికి కనపడబాక."

"ఎన్ని రోజులు?"

"వాడు నీకోసం చూడ్డం మానేసిందాకా."

"నేను దూరంగా నిలబడతా, నాన్నా. పలకను."

"నువ్వు యాడ నిలబడినా వాడు నీ దగ్గరే నిలబడతాడు. వాడికి వాళ్లు కావాల, నువ్వు కాదు. లేకపోతే వాడు ఈడ ఉండడమ్మా."

మర్నాడు బస్సు డ్రైవర్‌తో నాన్న మాట్లాడి, గేటు దగ్గర కాకుండా వెనక ఇటుకబట్టీ దగ్గర దింపమన్నాడు, హారన్ కొట్టొద్దన్నాడు. నేను ఆవాల చేను గట్టు మీదుగా వచ్చి వెనక తలుపులోంచి ఇంట్లోకి దూరేదాన్ని. వంటింటి కిటికీకి అమ్మ పాత పేపర్లు అంటించింది. హారన్ మోగకపోయినా ఆ వేళ వాడికి తెలిసేది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర నుంచి ఊఁ అని వినిపించేది. ఆగి, మళ్లీ. నేను పేపరు అంటించిన కిటికీ కింద నేల మీద కూర్చుని, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని, జవాబు ఇచ్చేస్తానేమోనని. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి నావైపు తిరిగేది కాదు. ఒకసారి మాత్రం వచ్చి నా పక్కన కూర్చుని, "నేను వాణ్ని వాళ్లమ్మకి కాకుండా చేశా. నువ్వు ఇప్పుడు వాణ్ని నీకు కాకుండా చేసుకుంటున్నావు. నీదే పెద్ద పని," అంది. అమ్మ నాతో పెద్దవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడటం అప్పుడే మొదలుపెట్టింది. ఆ మాట ఆ రోజు నాకు ఏమీ ఓదార్పు కాలేదు.

వారాలు గడిచాయి. వాణ్ని మంద దగ్గరికి వదిలితే అవి ఉమ్మేవి, వాడు తిరిగి గేటు దగ్గరికే వచ్చేవాడు. ఎండలు ముదరడం మొదలైంది. నాన్న అన్నం సగంలో లేచి వెళ్లేవాడు. చివరికి దారి నాన్న ప్రయత్నం వల్ల కాదు, ఎండాకాలం వల్లే దొరికింది. ఆ ఎండలకి లామాలు తట్టుకోవాలంటే ఉన్ని మొత్తం కత్తిరించాలి. ఉన్ని కత్తిరించే రోజు ఒక్కొక్కదాన్నీ పడుకోబెట్టి కత్తిరించి వదులుతుంటే, లేచినది లేచినట్టు తెల్లబోయి నిలబడేది. పల్చటి మెడలు, బయటపడిన పక్కటెముకలు, ఎవరు ఎవరో తెలియదు. ఉన్నితోపాటు వాటి పాత వాసనలూ పోయాయి. తల్లులు కూతుళ్లను కొత్తవాళ్లలా చూశాయి. చెల్లెళ్లు ఒకదాన్నొకటి చూసి బుసకొట్టాయి. ఎన్నో ఏళ్లుగా కలిసి ఉన్నవి అన్నీ మళ్లీ మొదటినుంచి, మొహంలో మొహం పెట్టి, ఎవరు నువ్వు అని అడగడం మొదలుపెట్టాయి. నాన్న అది చూసి, వెళ్లి సాంబయ్యను తెచ్చి, వాడి ఉన్ని కూడా తీసేసి, ఆ కొత్తవాళ్ల గుంపులోకి వదిలాడు. కిటికీ పేపరులో నేను గోటితో చేసుకున్న చిన్న చిరుగులోంచి చూశాను. ఒక ముసలి అల్పాకా వాడి దగ్గరికి వచ్చింది. మొహంలో మొహం పెట్టింది. ఊపిరి వదిలింది. పక్కకి తప్పుకుంది. దాని వెనక ఇంకొకటి వచ్చింది. పుట్టిన రోజున జరగాల్సింది అప్పుడు జరిగింది. బేగం కూడా వచ్చింది, అందరిలాగే వాసన చూసి వెళ్లింది. తన పిల్ల అని దానికి ఎప్పటికీ తెలియలేదు.

మర్నాడు బస్సు వేళకి గేటు దగ్గర నుంచి ఊఁ వినిపించింది. ఆ మర్నాడు కాసేపే వినిపించింది. తర్వాత ఒక రోజు వినిపించలేదు. నాన్న లోపలికి వచ్చి కిటికీ పేపర్లు తడిపి ఊడదీశాడు. వాడి తొలి ఉన్నితో అమ్మ నాకు దిండు కుట్టింది. అందులో ఇంకా సాంబ్రాణి వాసన ఉండేది. చాలాకాలం దాని మీదే తల పెట్టుకుని పడుకున్నాను. కొన్నాళ్లకి నేను పై క్లాసుకి హాస్టల్‌కు వెళ్లాను, అమ్మానాన్నా శంషాబాద్ దగ్గర ఒక గుర్రాల ఫారానికి మారారు. వాణ్ని దగ్గరగా మళ్లీ చూడలేదు.

దిండు దొరికిన కొన్ని వారాలకు, వానలు వెనకబట్టి గాలి చల్లబడుతున్న రోజుల్లో, నాన్న ఫోన్ చేశాడు. బీజీ ఒంటరిగా ఉంది, పిక్నిక్‌లు ఎప్పుడో ఆగిపోయాయి, సగం ఫారం పెళ్లిళ్లకు అద్దెకిచ్చే లాన్ అయిపోయింది, మిగిలిన కొద్దిపాటి మందలో బేగం మనవరాలు ఈనడానికి ఉంది అన్నాడు. "నువ్వు దగ్గర్లోనే ఉన్నావుగా, పోయి రా. తలకి నూనె పెట్టుకోబాక. సబ్బు, సెంటు, ఏమీ వొద్దు." నేను వెళ్లాలా అని అడగలేదు. ఉత్త నీళ్లతో స్నానం చేసి, మెట్రో ఎక్కి, ఆటో మాట్లాడుకుని వెళ్లాను. ఇటుకబట్టీ ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. బీజీ ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి "ఆ గయీ మేరీ గూంగీ," అంది. నా మూగదానివి వచ్చావా అని. చిన్నప్పుడూ అలాగే పిలిచేది. పిడి విరిగిన ఆ టీకప్పు ఆవిడ ఒళ్లోనే ఉంది.

పిల్ల ఎండ బాగా వచ్చాక పుట్టింది, ఆడపిల్ల. తల్లి ముక్కు పెట్టి ఊఁ అంది, పిల్ల సన్నగా అంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మంద వరస కట్టి వచ్చింది. ఆ వరస చివర మూతి నెరిసిన బెల్లం రంగు లామా ఒకటి ఉంది. బీజీ చెప్పనక్కర్లేదు. వాడు పిల్ల మొహంలో మొహం పెట్టి ఊపిరి వదిలాడు. తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు. మెల్లగా నడిచి వచ్చాడు. నేను కదల్లేదు. వాడి ముక్కు నా ముక్కుకు దాదాపు తగిలింది. వెచ్చని ఊపిరి, నమిలిన గడ్డి వాసన. నేనూ ఊపిరి వదిలాను, గొంతులోకి వచ్చిన ఊఁ ని అక్కడే ఆపేసి. ఆ లోకంలోకి కొత్తగా వచ్చిన ఇద్దరిని వాడు ఒకే తీరున పలకరించాడు. పక్కకి తప్పుకుని, మందలోకి వెళ్లి, గడ్డి మేయసాగాడు.

పిల్ల బొడ్డు అయోడిన్‌లో ముంచాను. వేపకొమ్మలు గేటుకి నేనే కట్టాను. నాన్న ఫోన్ చేశాడు.

"గుర్తుపట్టాడా?"

"లేదు నాన్నా. కొత్తవాళ్లని చూసినట్టే చూశాడు."

"అయితే బాగున్నాడు," అన్నాడు. వెనక అమ్మ గొంతు వినిపించింది, పిల్ల ఆరిందా అని అడుగుతోంది. ఎండకే ఆరిపోయిందని చెప్పమన్నాను.

బయల్దేరేసరికి, ఒకప్పుడు మా బడి బస్సు వచ్చే వేళయింది. గేటు దాటి రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడ్డాను. చెట్టు చాటుకి పోలేదు, వెనకదారి పట్టలేదు, కంచె లోపలివాళ్లకి కనిపించే చోటే నిలబడ్డాను. ఆ గేటు దగ్గర దాక్కోకుండా నిలబడి ఎన్నేళ్లయిందో. ఆటో రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ చెవులు వెనక్కి పెట్టి విన్నాను. గడ్డి మేస్తున్న చప్పుడు వినిపించింది. పిల్లను పిలుస్తున్న తల్లి గొంతు వినిపించింది. నన్ను ఎవరూ పిలవలేదు.